రంగు పోయిన నీళ్లు

ఆ ఎండాకాలం గోపన్‌పల్లిలో సక్కుబాయి బావి నీళ్లు పసుపు పచ్చగా మారాయి. పైనున్న పాడుబడ్డ క్వారీ గుంతలో ఎవరో మందుల ఫ్యాక్టరీ డ్రమ్ములు గుమ్మరించి పోయారన్నారు. ఆ నీళ్లు తాగి ఒక బర్రె చచ్చింది. మిగిలింది చూడి బర్రె ఒక్కటే. నీళ్ల ట్యాంకర్ పంపమని అడిగితే, ట్యాంకర్లన్నీ మాదాపూర్‌లో లేస్తున్న కంప్యూటర్ భవనాలకే పోతున్నాయన్నారు.

సక్కుబాయి పక్కనున్న యూనివర్సిటీ హాస్టల్‌కు పాలు పోసేది. అక్కడ కెమిస్ట్రీలో పరిశోధన చేసే ఉదయశ్రీకి సీసాలో ఆ నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఏమన్నా చెయ్యి బిడ్డా. నీకు దండం పెడత."

ల్యాబ్‌లో పరీక్షిస్తే నీళ్లలో ఉన్నది నైట్రోఫినాల్ అనే విషమని తేలింది. ఉదయశ్రీ పని కూడా ఆ జాతి పదార్థాల మీదే. అల్యూమినా పొడికి కంటికి ఆనని వెండి రేణువులు పట్టించి, బోరోహైడ్రైడ్ అనే రసాయనంతో కలిపి వేస్తే పసుపు రంగు విరిగిపోతుంది. కానీ విషం పోదు, అమీనోఫినాల్ అనే మరో విషంగా మారుతుంది. దాన్ని బొగ్గుపొడి పట్టేస్తుందేమోనని ఆమె ఆశ. ఆ ఆశతోనే సరంజామా అంతా పట్టుకుని బావి దగ్గరికి వెళ్లింది.

బకెట్లో నీళ్లు బుడగలు కక్కాయి. పసుపు పలచబడి, తేటపడింది. బొగ్గులోంచి వడకట్టి, గ్లాసెడు తీసి పరీక్ష మందు చుక్క వేసింది ఉదయశ్రీ. విషం ఉందని చెప్పే ఊదారంగు గ్లాసులో కమ్ముకుంది. మళ్లీ వడకట్టింది. మళ్లీ అదే రంగు.

"వద్దండీ. ఇవి తాగించకూడదు."

"తెల్లగైనయి గదా! ఇగ ఏందమ్మా?"

"విషం ఇంకా ఉందండి. రంగు మాత్రమే పోయింది."

సక్కుబాయి ఆమె మొహంలోకి చూసింది. "మరి రంగెందుకు తీసినవ్? పచ్చగుంటే నేనే వద్దనుకుందు."

ఉదయశ్రీ ఇంకోసారి వడకట్టడానికి బొగ్గుపొడి వైపు తిరిగింది. అంతలో సక్కుబాయి బకెట్ ఎత్తి బర్రె ముందు పెట్టింది. "నిన్నటి సంది చుక్క నీళ్లు లేవు దానికి. చస్తే తాగే చావనీ."

ఉదయశ్రీ కాలితో బకెట్‌ను తన్నేసింది. నీళ్లు నేలపాలయ్యాయి. బర్రె మెడ సాచి తడి మట్టిని నాకబోయింది. ఇద్దరూ ఒక్కసారే పలుపు పట్టుకుని వెనక్కి లాగారు. బర్రె కదల్లేదు. సక్కుబాయి దాని మూతికి తన చేతులు అడ్డం పెట్టి, బురదలో కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రం ఉదయశ్రీ హాస్టల్ కుళాయి నుంచి సైకిల్ మీద నీళ్లు మోసింది. వార్డెన్ తిట్టినా రెండు రోజులు మోసింది. బర్రె దాహం తీరలేదు. మూడో రోజు సక్కుబాయి దాన్ని కోకాపేటలోని ఆడబిడ్డ ఇంటికి తోలుకుపోయింది. అంత ఎండలో చూడి బర్రె నడవగలదా అని ఉదయశ్రీ అడగలేకపోయింది.

"రంగు విరిగిన గ్రాఫ్ చాలా బాగుందమ్మా, పేపర్ రాసెయ్" అన్నారు ల్యాబ్‌లో ఆమె పరిశోధన గైడ్ సోమేశ్వరరావు గారు.

"ఆ నీళ్లు తాగడానికి పనికిరావు సార్."

"మనం తాగడానికి చేశామా ఏంటి?"

ఒక బొగ్గు కాకపోతే మరో రకం బొగ్గు ఆ విషాన్ని పడుతుందేమో అనుకుంటూ, ఉదయశ్రీ బావి నీళ్ల కోసం ఖాళీ క్యాన్ తీసుకుని మళ్లీ గోపన్‌పల్లి దారి పట్టింది.