బిందెడు వాన

మృగశిర నాటికి నా చేతిలో ఉన్నవి: తాండూరు మార్కెట్లో ఒక కందుల కొట్టు, యాలాల్ దగ్గరి ఊళ్ళో కౌలుకు తీసుకున్న ఐదెకరాల నల్లరేగడి, ఎవరి మాటనూ తూచకుండా తీసుకోని అలవాటు.

కంది మొలిచింది. ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. వాతావరణం మారిపోతోందని ప్రభుత్వం ఊళ్ళోని స్కూలు ఆవరణలో వానను కొలిచే మిషను పెట్టింది. వరుసగా ఇరవై ఒక్క రోజులు చుక్క పడకపోతే, ఎండిన చేలలో మళ్ళీ విత్తుకోవడానికి రైతుకూ కౌలుదారుకూ ఉలవల విత్తనం ఇస్తారు. అది అదునులోపల రాకపోతే ఆ ఏడు చేను బీడే.

ఇరవై ఐదు రోజులైనా విత్తనం రాలేదు. అడిగితే, ఇరవయ్యో రోజునే మీ ఊళ్ళో పెద్ద వాన కురిసిందని మండల వ్యవసాయ ఆఫీసులో చెప్పారు.

"గా వాన ఎవని మీద పడ్డదో, జహూర్ సేటూ? నా అంగీ అయితే తడవలే," అన్నాడు పక్క చేను బాలప్ప.

"విత్తనం బయట అమ్ముకునేతందుకు గిట్ల రాసిన్రు," అన్నాను.

ఇద్దరం వికారాబాద్ బస్సెక్కాం. అక్కడి జిల్లా వ్యవసాయాధికారి మహిధర్ చాయ్ తెప్పించాడు. అడగకుండా చాయ్ పోసే ఆఫీసరంటే నాకు మరీ అనుమానం. ముట్టుకోలేదు. ఆయన కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు.

"జర చూడు, జహూర్ భాయ్. ఆదివారం పొద్దున పదింటికి, రెండే నిమిషాల్ల అరవై మిల్లీమీటర్లు. గింత జల్దీ ఏ వాన పడదు. ఎవరో బిందెతోని పోసిన్రు. ఎవరు?"

ముట్టని ఆ కప్పు అందుకున్నాను. చాయ్ తాగాను.

ఆ ఆదివారం ఊళ్ళో ఆడవాళ్ళు కప్పతల్లి ఆడారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పుతారు. వాన రావాలని ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద నీళ్ళు పోస్తారు. స్కూలు ముందుకు రాగానే, నెత్తిన బిందెతో నడుస్తున్న నాగవ్వ ఆగింది.

"గీ తెల్ల గుంజ ఏంది, సేటూ?"

"వానను కొలిచే మిషను. దీనికి తెలిస్తేనే సర్కారుకు తెలుస్తది."

"మరి దీనికి దూప గాదా?" అంటూ బిందెడు నీళ్ళు దాని మీద కుమ్మరించింది. అందరం నవ్వాం. గేటు తీసి పట్టుకున్నది నేనే.

ఇప్పుడు ఆఫీసర్ ముందు ఇదంతా చెప్పొద్దని బాలప్ప నా తొడ గిల్లాడు. సర్కారు మిషను జోలికి పోతే కేసు పెడతారని వాడి భయం. నాదీ అదే. కానీ చెప్పకపోతే ఊరికి విత్తనం లేదు. అదును ఇంకా పది రోజులే ఉంది.

"సార్, మొక్కి పోసినం గని మోసం జేసేతందుకు కాదు. గది గూడ రాస్తరా?"

"నువ్వే రాసియ్యి."

రాశాను. పోయించింది నేనేనని రాశాను, నాగవ్వ పేరు ఎత్తలేదు. రెండుసార్లు చదివి, నకలు జేబులో పెట్టుకున్నాకే సంతకం చేశాను.

ఆరో రోజున ఆ వానను లెక్కలోంచి కొట్టేశారు. విత్తనం వచ్చింది. బస్తా విప్పి గింజ కొరికి చూశాను. గట్టిదే. కేసు రాలేదు, ఇంకా వస్తుందేమోనని నకలు దాచి ఉంచాను.

చివరికి తేలింది ఇది. కంది పోయింది. ఊరి చేలలో, నా ఐదెకరాల్లో ఉలవ మొలిచింది. మిషను చుట్టూ కంచె వేసి తాళంచెవి నా చేతికిచ్చారు. ఇప్పుడు మబ్బు పట్టి వాన పడకపోతే వానకూ నేనే తాళం వేశానన్నట్టు ఊరంతా నన్నే అనుమానంగా చూస్తోంది.