ఆరో రోజు మసకబారిన ఫ్లాస్కు

ఆ పరిశోధన సంస్థ మూడో అంతస్తులో ఆమెను ఎదురుగా "మేడం" అనీ, వెనకాల "కంపు మేడం" అనీ పిలిచేవారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆమె పాతికేళ్లుగా పనిచేస్తున్నది పాలీఎమీన్ల మీద. దాదాపు ప్రతి జీవకణంలోనూ ఉండే చిన్న చిన్న అణువులవి. కుళ్లిన మాంసానికి ఆ వాసన వచ్చేది వాటిలో కొన్నిటి వల్లే. ఆమె సీసా మూత తీసిందంటే నడవా చివరి గదిలో గుమాస్తా కిటికీ తెరుచుకునేవాడు. ఆమె కోటును తక్కిన బట్టలతో కలిపి ఉతికేది లేదని ఇంట్లో భర్త ఏనాడో తేల్చేశాడు.

ఆమెకు పేరు తెచ్చిపెట్టింది మట్టిలో బతికే ఒక బాక్టీరియా. అందులో పాలీఎమీన్ తయారుచేసే జన్యువును ఆమె తీసేసింది. పోషక ద్రవంలో పాలీఎమీన్ కలిపితే ఆ బాక్టీరియా పెరిగేది, కలపకపోతే ఫ్లాస్కు తేటనీళ్లలా ఉండిపోయేది. "ఈ జన్యువు తీసేస్తే, బయటి నుంచి ఈ అణువు ఇవ్వనిదే ఈ జీవి పెరగదు" అని వ్యాసం రాసింది. ఆ వ్యాసం వల్లే ఉద్యోగం వచ్చింది, సొంత ల్యాబ్ వచ్చింది. ఇరవయ్యేళ్లుగా విద్యార్థులు ఆ వాక్యాన్ని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

ఒక ఏడాది వాళ్ల నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. ల్యాబ్‌లో అదే ప్రయోగం మరోసారి పెట్టి ఉండగానే, ఉన్నపళంగా సెలవు పెట్టి వెళ్లింది. మామూలుగా అయితే రెండో రోజున ఫ్లాస్కులు చూసి, "పెరగలేదు" అని నోటుబుక్కులో రాసి, పారబోసేవారు. ఈసారి ఆ సంగతే మరిచిపోయింది. తిరిగొచ్చింది ఆరో రోజున. పాలీఎమీన్ కలపని ఫ్లాస్కు పాలచుక్కలు పడ్డ నీళ్లలా మసగ్గా ఉంది.

గాజుసామాను కడిగే అక్కను కేకేసింది. "అక్కా, ఇందులో ఏమైనా పడిందా?"

"ఏం పడుతుంది మేడం? మీరు పెట్టిన మూత మీరు పెట్టినట్టే ఉంది. పారబోసేయనా?"

"వద్దొద్దు! దాని జోలికి వెళ్లకు."

బయటి సూక్ష్మజీవి ఏదో దూరి ఉంటుందనుకుంది. డీఎన్ఏ పరీక్ష చేస్తే, అది తన బాక్టీరియానే. గాజుకు పాత పాలీఎమీన్ అంటుకుని ఉందేమోనన్న అనుమానంతో ఫ్లాస్కులన్నీ మళ్లీ యాసిడ్‌తో కడగమంది. అక్క ముఖం ముడుచుకుంది.

"ఇన్నేళ్ల తర్వాత నా కడుగుడు మీద అనుమానమొచ్చిందా?"

"నీ మీద కాదక్కా, నా మీదే."

అక్క ఒక్కో ఫ్లాస్కునూ వెలుతురుకు పట్టి చూస్తూ మూడుసార్లు కడిగింది. అయినా అంతే. నాలుగు రోజులు తేటగా ఉండి, ఐదో రోజు చిన్న మసక, ఆరో రోజుకల్లా చిక్కటి మబ్బు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే తీరు.

అంటే వ్యాసం తప్పు. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆదివారం నాన్న కంట్లో చుక్కల మందు వేస్తూ ఉండబట్టలేక బయటపెట్టింది. ఆయన ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి.

"తప్పు నువ్వే పట్టుకున్నావా, ఇంకెవరైనా పట్టుకున్నారా?" అన్నాడు కళ్లు మూసుకునే.

"నేనే నాన్నా."

"అయితే ఆలస్యమెందుకు, అచ్చుకిచ్చెయ్. మేం పుస్తకం వెనకాల తప్పొప్పుల పట్టిక వేసేవాళ్లం. ఒకసారి ఆ పట్టికలోనే రెండు తప్పులు వదిలేశాను. అయినా నా ఉద్యోగం పోలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే చుక్క కాస్తా ఆయన చెంప మీద పడింది.

మర్నాడు తన పాత గురువుకు ఫోన్ చేసింది. ఆ వ్యాసం మీద ఆయన పేరు కూడా ఉంది.

"రెండో రోజు పారబోయమని నేర్పింది నేనే కదమ్మా," అన్నాడు గురువు. "దిద్దుబాటు మీద నా పేరు కూడా వెయ్యి. ఇప్పుడు తప్పించుకుంటే బాగోదు."

దిద్దుబాటు అచ్చయింది. ఆ ఏడు ఆమె అడిగిన పరిశోధన నిధి రాలేదు. టీ బల్ల దగ్గర ఎవరో "మేడం గారి బాక్టీరియా చచ్చి బతికిందటగా" అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది కానీ ఆ మాట రెండు రోజులు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అయితే అసలు ప్రశ్న ఇప్పుడే మొదలైంది. జన్యువు లేకుండా ఈ జీవి ఎలా పెరుగుతోంది? ఆరో రోజు కణాలను నలగ్గొట్టి, అణువులను వేరుచేసే యంత్రానికి ఎక్కించింది. కాగితం మీద గీత సాఫీగా పోతూ పోతూ ఒకచోట చిన్నగా పైకి లేచింది. పాలీఎమీన్! ఎవరూ పెట్టకుండానే అది తన తిండి తానే వండుకుంటోంది. ఎలా వండుతోందో కనిపెట్టడానికి రెండున్నరేళ్లు పట్టింది. బాగా ఆకలేస్తే తప్ప పనిలోకి దిగకుండా, వేరే దారిలో పాలీఎమీన్ తయారుచేసే ఇంకో ఎంజైమ్ ఉంది. బద్ధకస్తుడిలా నాలుగు రోజులు ఒళ్లు విరుచుకుని, ఐదో రోజున లేస్తుంది.

ఆ సంగతి రాసిన కొత్త వ్యాసం వచ్చిన నెలకే వేరే దేశం నుంచి ఒక వైద్యురాలి ఉత్తరం వచ్చింది. ఆవిడ పనిచేసేది ఈ బాక్టీరియాకు దగ్గరి చుట్టమైన ఒక రోగకారక క్రిమి మీద. "పాలీఎమీన్ తయారీని ఆపే మందు ఇస్తే జబ్బు మొదట తగ్గి, నాలుగైదు రోజులకు మళ్లీ తిరగబెడుతోంది. ఎందుకో మాకు అంతుపట్టలేదు. మీరు చెప్పిన రెండో దారి ఇందులోనూ ఉందేమో, కలిసి చూద్దామా?"

ఆమె ఆ ఉత్తరాన్ని అక్కకు చదివి వినిపించింది.

"అంటే రెండు దారులూ మూసేస్తే జబ్బు తగ్గుతుందా?" అంది అక్క.

"తగ్గొచ్చు. చూడాలి."

"మరి నిలబడ్డారేం? ఎన్ని ఫ్లాస్కులు కావాలో చెప్పండి."

ఆమెకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, "ముప్పై ఆరు" అంది.