కురుప్ మాష్ వయణచెట్టు

శ్రీకంఠ కురుప్ మాష్ పెరట్లో, వాగు వైపున, ఒక వయణచెట్టు ఉంది. వయణ అంటే అడవి దాల్చిన. కేరళలోని వితుర కొండల్లో అది లేని పెరడు అరుదు. దాని ఆకును పొట్లంలా చుట్టి, లోపల వరిపిండీ పనసగుజ్జూ బెల్లమూ కూరి, కొబ్బరి ఈనె గుచ్చి ఆవిరి మీద ఉడికిస్తే కుంబిళప్పం అవుతుంది. ఊరికి వయణ అంటే అంతే.

ముప్పై ఏళ్లు బడిలో వృక్షశాస్త్రం బోధించి మాస్టారుగా రిటైరైన మాష్‌కు మాత్రం అంతే కాదు. తన చెట్టు శాస్త్రానికి ఇంకా తెలియని జాతి అని ఆయన నమ్మకం. ఆకు అడుగున నూగు ఉంది. మూడు నరాలు తొడిమ మొదట్లో కాక, కొంచెం పైకి సాగాక విడిపోతున్నాయి. పుస్తకాల్లోని ఏ వర్ణనా దీనికి అతకలేదు.

కొత్త జాతి అని తేలితే దానికొక లాటిన్ పేరు పెడతారు. ఆ పేరులో తన పేరు ఉండాలని మాష్ కోరిక. ఈ కోరిక జ్ఞానతృష్ణా, అహంకారమా అని ఆయన తనను తాను చాలాకాలం పరీక్షించుకున్నాడు. అహంకారమేనని తేలింది. తేలిన తర్వాత కూడా కోరిక తగ్గలేదు.

రెండేళ్ల పాటు ఉత్తరాలు రాయగా రాయగా, అడవి దాల్చినల గురించి ఆ రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ తెలిసిన డాక్టర్ సుహ్ర తిరువనంతపురం నుంచి ఒక శనివారం ఉదయం వస్తానని ఒప్పుకుంది. గంటన్నర మాత్రమే ఉంటానంది. అది పనసపళ్ల కాలం. వీధిలోని ఆడవాళ్లు అప్పాల కోసం చెట్టు కింది కొమ్మలన్నీ దూసేశారు. అందుకని శుక్రవారం సాయంత్రం మాష్ నిచ్చెన వేసుకుని పైకొమ్మల దాకా ఎక్కి, నూగూ నరాలూ స్పష్టంగా ఉన్న పదకొండు ఆకులు ఏరి, తడిబట్టలో చుట్టి, అక్క భార్గవి చేతికిచ్చాడు. ఇవి డాక్టరమ్మ కోసమనీ, జాగ్రత్త అనీ చెప్పాడు.

భార్గవి జాగ్రత్తగానే ఉంది. ఇంటికప్పు కారుతున్నా నిచ్చెన ఎక్కని తమ్ముడు అతిథి కోసం చెట్టెక్కాడంటే ఆ ఆకులు ఎందుకో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. మర్నాడు జీపు వచ్చి వాకిట్లో ఆగిన వేళకు మాష్ వంటింట్లోకి పరుగెత్తాడు.

"చేచీ, ఆ ఆకులేవి?"

"ఆవిరి మీద ఉన్నాయి. ఇంకో పది నిమిషాలు."

"ఉడకబెట్టావా?"

"మరి వచ్చిన మనిషికి పచ్చివి పెడతామా?"

వెనకాలే వంటింటి గడప దాకా వచ్చిన డాక్టర్ సుహ్ర నవ్వలేదు. నరాలు కనబడటానికి తామూ ఆకులను ఉడికిస్తామనీ, అందులో బెల్లం మాత్రం ఉండదనీ చెప్పింది. భూతద్దం తీసి, ఒక్కొక్క అప్పాన్నీ విప్పి, ఆకును పళ్లెంలో పరిచి చూడసాగింది. లోపలి ముద్దను భార్గవి తమ్ముడి పళ్లెంలోకి తోసింది. ఆ ఇంట్లో అన్నం పారేయరు. శాస్త్రం ముందుకు సాగాలంటే మాష్ తింటూ ఉండక తప్పలేదు.

మొదటి ఆకు మామూలు వయణే అంది డాక్టర్. రెండోదీ అంతే. నూగు పూర్తిగా ముదరని ఆకులకు ఉంటుందట. నరాలు విడిపోయే చోటు ఒకే కొమ్మ మీద కూడా మారుతుందట.

"మనం గీసుకునే గీతలు చెట్టుకు తెలియవు కదా, మాష్," అంది ఆమె, మెత్తగానే.

ఆయనకు ఆరో ఆకు దగ్గర ఆశ పోయింది. ఏడో ముద్ద దగ్గర ఆకలి పోయింది.

తొమ్మిదో ఆకు మీద భూతద్దం ఆగింది. నరాలు కలిసే ప్రతి మూలలోనూ సన్నని గుంట ఉంది. ప్రతి గుంటలోనూ బెల్లం నిలిచి తళుక్కుమంటోంది. డాక్టర్ ఆకును తిప్పింది, మళ్లీ తిప్పింది. కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఇలాంటిది ఈ కొండల్లో నేనెప్పుడూ చూడలేదు. ఇదీ మీ చెట్టుదేనా?"

అప్పటికే ఆ ముద్ద మాష్ నోట్లో ఉంది. అది చేదుగా ఉంది. ఆ వీధిలో అంత చేదు అప్పం ఒక్క ఇంట్లోనే తయారవుతుంది. పక్కింటి ఏలియమ్మ పెరట్లోనూ ఒక వయణ ఉంది. గోడ మీదుగా రాలే ఆకుల విషయంలో తగాదా వచ్చాక, ఆమె మాష్ చెట్టు ముట్టుకోవడం మానేసి తన చెట్టు ఆకుతోనే అప్పాలు చేసి, రోషం కొద్దీ ఇంటింటికీ పంపుతోంది. అతిథి వస్తోందని విని ఇవాళా మూడు పంపింది. భార్గవి వాటిని అదే పళ్లెంలో కలిపేసింది. ఆ చెట్టు తన చెట్టుకే పుట్టిన నాసిరకం పిలక అని మాష్ ఎనిమిదేళ్లుగా ఊరంతా చెబుతున్నాడు.

అవును అంటే చాలు. ఆ మాటను ఆయన నాలుక మీదికి తెచ్చుకున్నాడు. కాని నాలుక మీద ఏలియమ్మ అప్పం ఉంది. రెంటికీ చోటు లేదు.

"కాదు. అది ఏలియమ్మది," అన్నాడు, కష్టపడి మింగి.

ముగ్గురూ గోడ దగ్గరికి వెళ్లారు. ఏలియమ్మ చీపురు పట్టుకుని నిలబడింది.

"నా అప్పం బాగాలేదని చెప్పడానికి పట్నం నుంచి మనిషిని రప్పించారా, మాషే?"

డాక్టర్ సుహ్ర విషయమంతా ఓపికగా వివరించింది. పూతా కాయా చూశాకగాని తేల్చి చెప్పలేననీ, అయితే ఇది కొత్త జాతేనని తనకు దాదాపు నమ్మకం కుదిరిందనీ, చెట్టు కాపాడినవారి పేరు పెట్టడం తనకు ఇష్టమనీ చెప్పింది. ఏలియమ్మ చీపురు కింద పెట్టి ఆలోచించింది.

"చేదని కూడా రాస్తారా?"

"రాయాలమ్మా. ఆకు రుచి కూడా ఒక లక్షణమే."

"అయితే నా పేరొద్దు. నా అప్పాలు మేకలకు పెడుతున్నారని నాకు తెలుసు. మేకలూ తినట్లేదనీ తెలుసు. ఆ మాట వీధిలో ఉంటే చాలు, లోకమంతా ఎందుకు? మాష్ పేరు పెట్టండి. చేదుకు ఆయనైతే సరిగ్గా సరిపోతాడు."

భార్గవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనది కాని చెట్టుకు తన పేరు ఒప్పుకోవడం ధర్మమేనా అని మాష్ తనను తాను ప్రశ్నించుకోవాలనుకున్నాడు. ఆ ప్రశ్న పూర్తికాకముందే తల ఊపేశాడు. డాక్టర్ రాసుకునే పుస్తకం తెరిచింది.

"మేడం," అన్నాడాయన గొంతు తగ్గించి. "చేదు అన్నచోట కొద్దిగా అని రాయవచ్చా?"

ఆమె న్యాయంగా ఆలోచించే మనిషి. గోడ మీదుగా ఒక లేతాకు తుంచి నమిలింది. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. తర్వాత మంచినీళ్లు అడిగి, గ్లాసు ఖాళీ చేసి, చేదు అని ఒకే ఒక్క మాట రాసింది.