తాయెత్తు విప్పి ఆడిన ఆట

మెటల్ డిటెక్టర్ మౌనిక ఎడమ భుజం దగ్గరికి రాగానే కీచుమంది.

"చేతికేముందమ్మా?" అని అడిగింది ఆర్బిటర్ మేడం. ఆటలో తగవు వస్తే తీర్పు చెప్పేది ఆమే.

నా కూతురు చొక్కా చెయ్యి పైకి జరిపింది. నల్ల దారానికి కట్టిన రాగి తాయెత్తు.

"విప్పి బయట ఇచ్చేసి రా. కూసిన వస్తువు ఏదీ లోపలికి పోకూడదు."

నేను తాయెత్తు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఆదోనిలో ఆ కళ్యాణ మండపంలో ఆ రోజు మహిళల చదరంగం రాష్ట్ర పోటీలు మొదలయ్యాయి. రోజుకో ఆట, అన్నీ అయ్యాక ముందు నిలిచిన నలుగురిని జాతీయ పోటీలకు పంపుతారు. మేం ఎమ్మిగనూరు నుంచి తెల్లవారి బస్సుకు వచ్చాం. మౌనిక డిగ్రీ చదువుతోంది. దానికి ఆట నేర్పిన పర్వేజ్ ఆదోనిలోనే గడియారాలు బాగుచేస్తాడు. నన్ను అక్కా అంటాడు. అతనికి కూడా మేం చెప్పని సంగతి ఒకటి ఉంది.

చిన్నప్పుడు మౌనికకు మూర్ఛ వచ్చేది. నా ఒడిలోనే కట్టె మాదిరి బిగుసుకుపోయేది. కర్నూలు డాక్టరు మాత్రలిచ్చాడు. నేను ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాను. దర్గా దగ్గర ఇమాం సాబ్ ఈ తాయెత్తు కట్టి, ఎప్పుడూ విప్పొద్దు తల్లీ అన్నాడు. జబ్బు పోయింది. మూడింటిలో ఏది పోగొట్టిందో నాకు తెలియదు, మూడింటికీ దండం పెట్టుకున్నాను. తరువాత డాక్టరే మాత్రలు ఆపమన్నాడు. తాయెత్తు ఆపమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇమాం సాబ్ కాలం చేశాడు. ఈ సంగతి మా గడప దాటి పోలేదు. పెళ్ళి కావలసిన పిల్ల.

"మేడం, అది దేవునిది. విప్పకూడదు," అన్నాను.

"నేనేం చేసేదమ్మా, రూలు."

వెనక వరుసలో ఎవరో అమ్మాయి తండ్రి నవ్వాడు. "తాయెత్తులో కంప్యూటర్ దాచారేమో చూడండి మేడం!"

అందరూ నవ్వారు. పర్వేజ్ ఊరుకోలేదు. "కంప్యూటర్ ఉంటే మేం ఈడ ఎండలో ఎందుకు నిలబడతాం సార్? ఢిల్లీలో ఉంటాం." తరువాత నా వైపు తిరిగి, "తొందరగా విప్పక్కా. ఆలస్యమైతే ఆడకుండానే ఆట పోతాది," అన్నాడు.

ముడి రాలేదు. ఏండ్లుగా చెమటకు, నూనెకు బిగిసిపోయింది. చివరికి మౌనికే పళ్ళతో దారం కొరికేసింది. దాని భుజం మీద తాయెత్తు ఉన్నంత మేర చర్మం తెల్లగా ఉంది.

"భయపడాకు మా," అని లోపలికి పోయింది. తలుపు మూశారు.

నేను తాయెత్తును పిడికిట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. నేను ఆట గురించి దిగులుపడుతున్నానని పర్వేజ్ అనుకున్నాడు. నన్ను మరిపించాలని పాత సంగతులు మొదలుపెట్టాడు.

"ఈ జాతీయ పోటీ మొట్టమొదట యాడ జరిగిందో తెల్సా అక్కా? మన ఏలూరులో. యాభై అయిదులో. దేశం నలుమూలల నుంచి వచ్చి ఆడినారు."

"ఊ."

"ఆడోళ్ళకు మాత్రం ఇంగ ఇరవై ఏండ్లకు గాని వేరే పోటీ పెట్టలేదు."

"అప్పుడు కూడా ఇట్ల తడిమి పంపిస్తాండిరా?"

"ఎవరు తడుముతారక్కా? అప్పుడు ఫోన్లు యాడివి? ఇంగో సంగతి విను. ఆట తెగకపోతే ఆపేస్తాండిరి. తరువాతి ఎత్తు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ఇస్తాండిరి. మర్నాడు ఆ కవరు చించి ఆడి నుంచే మొదలు."

నేను తల ఎత్తాను. "ఇప్పుడు ఆపరా?"

"ఇప్పుడు కుదరదు. రాత్రికి రాత్రి కంప్యూటర్ జవాబు సెప్పేస్తాది కదా. కూర్చున్నోళ్ళు తేలేదాకా లేసేది లేదు."

ఆ పాత వాళ్ళ అదృష్టం నాకు లేకపోయిందే అనుకున్నాను. నా బిడ్డను అట్లాగే ఆపి, కవరులో పెట్టి ఇంటికి తెచ్చుకుని, తాయెత్తు కట్టి రేపు పంపించేదాన్ని. ఈరన్నా, ఈ ఒక్క పూట చూసుకో అన్నాను. తాయెత్తు విప్పించినందుకు కోపం ఉంటే నా మీద చూపించమన్నాను.

అప్పుడు లోపల కుర్చీ పడిన చప్పుడైంది.

నేను లేచి పరుగెత్తాను. తలుపు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం కాలేదమ్మా, ఎవరో లేస్తా కుర్చీ తగిలించినారు." అతని భుజం పక్కన అద్దంలోంచి మౌనిక కనిపించింది. కుర్చీ పడింది దాని బల్ల దగ్గర కాదు. అయినా నా ప్రాణం కుదుటపడలేదు. అది కళ్ళు మూసుకుని ఉంది. ఎడమ చెయ్యిని కుడి చేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. పక్కన దాని వంతు గడియారం నడుస్తోంది.

"ఆలోచిస్తాంది," అన్నాడు పర్వేజ్ నా వెనక నుంచి.

కాదని నాకు తెలుసు. నోరు తెరిచి అరవబోయాను. అరిస్తే దాని ఆట పోతుంది. అరవకపోతే బిడ్డ పోతుందేమో. అట్లా నిలబడి ఉండగానే అది కళ్ళు తెరిచింది. నీళ్ళు తాగింది. పావు జరిపింది.

మధ్యాహ్నం దాటాక బయటికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"డ్రా అయింది," అంది.

పర్వేజ్‌కు మండింది. "గెలిచే ఆట కదే! నీ టైమంతా గడియారానికి ఎందుకు తినిపిస్తివి? నిద్రపోతాంటివా?"

అది నన్ను చేతులు కడిగే కుళాయి దగ్గరికి తీసుకుపోయింది.

"వచ్చింది మా," అంది మెల్లగా. "చిటికెన వేలు కాడ చీమలు పాకినట్ల మొదలైతాది. మోచెయ్యి దాకా వస్తాది. కండ్లు మూసుకుంటే పోతాది."

"విప్పినందుకే వచ్చింది," అన్నాను.

"కాదు మా. ఇంటర్ నుంచి వస్తాంది. శానాసార్లు వచ్చింది. అది చేతికి ఉన్నప్పుడే."

"ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే ఆట మాన్పిస్తావు. నీ మొహం సూస్తే నాకు ఇంగా భయమేస్తాది."

తాయెత్తు ఉన్నందువల్లే జబ్బు చెయ్యి దాటి పోలేదేమో అనుకున్నాను. అట్లా అనుకుంటే మనసుకు బాగుంది. కాని ఈ రోజు తాయెత్తు నా పిడికిట్లో ఉంది, అయినా చెయ్యి దాటలేదు. మరి కాపాడింది ఎవరు? ఇట్లా అడగడం తప్పేమో నాకు తెలియదు. ఈరన్న కోపగించుకుంటాడని మాత్రం ఎందుకో అనిపించలేదు.

"రేపు ఆడకుండా ఊరికి పోదాం," అన్నాను.

"పోతే నలుగుర్లో ఉండను మా," అంది. బతిమాలలేదు. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పోదామంటే వస్తుంది, వచ్చి మళ్ళీ ఏదీ చెప్పదు.

ఊరికి పోయే మాట వదిలేసి, ముందు పర్వేజ్‌కు చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. "నాతో ఒక మాట అనింటే నేను దాన్ని తిట్టేవాణ్ణి కాదు కదక్కా," అన్నాడు. తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు కర్నూలు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి మళ్ళీ మాత్రలు రాశాడు. ఆడవచ్చు, పక్కన తెలిసిన మనిషి ఉండాలి, ఆటలు కాగానే కర్నూలు పోయి పరీక్షలు చేయించాలి అన్నాడు. ఆ రాత్రి పర్వేజ్ ఇంట్లోనే ఉన్నాం.

పొద్దున మేడం బల్ల చుట్టూ తల్లిదండ్రులు గుమిగూడి ఉన్నారు. కంప్యూటర్ అని నవ్విన మనిషి కూడా ఉన్నాడు. మేడంను పక్కకు పిలవాలని చూశాను, ఆమెకు తీరిక లేదు. ఎమ్మిగనూరులో ఎవరెవరి చెవికి పోతుందో కళ్ళ ముందు ఆడింది.

"మేడం, మా పాపకు మూర్ఛ ఉంది," అన్నాను. "నిన్న ఆటలో కూడా రాబోయి ఆగింది. నేను దగ్గర కూర్చుంటా."

ఆ మనిషి నా వైపు చూడలేక చెప్పుల వైపు చూసుకున్నాడు. మేడం పెన్ను కింద పెట్టింది. "నిన్ననే చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అంది. "గోడ దగ్గర కుర్చీ వేయిస్తాను. మాట్లాడకూడదు. సైగ చేయకూడదు. ఏదైనా అనిపిస్తే నన్ను పిలవండి."

లోపలికి పోయేటప్పుడు నన్ను కూడా తడిమారు. తాళి దగ్గర కూసింది. మేడం చూసి పోనిచ్చింది. ఆ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు, అడగలేదు. తాయెత్తు పర్వేజ్ జేబులో ఉంది.

ఆట మొదలైంది. పావులు ఎటు పోతున్నాయో నాకేం తెలుసు. నేను మౌనిక ఎడమ చేతి కోసం వెతుకుతున్నాను. అది బల్ల కింద ఉంది, కనిపించడం లేదు. కుర్చీ అంచున కూర్చుని, మేడం ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను.

మౌనిక ఒకసారి తల తిప్పి నన్ను చూసింది. ఎడమ చెయ్యి పైకి తీసి, వేళ్ళు చాచి, నాకు కనిపించేట్టు బల్ల అంచున ఆనించింది. ఆ చేతిని అక్కడే ఉంచి, కుడి చేత్తో గుర్రాన్ని జరిపింది.