జానెడు ముఖం

నేను ఒక రాయిని. చెక్కిన రాయిని కాను, మొక్కే రాయిని అసలే కాను. విశాఖపట్నం వెనక కొండల్లో పుట్టిన నాలుగడుగుల పొడుగు రాయిని. నా కొస జానెడు వెడల్పు ఉంటుంది. మనుషులు నన్ను చూడగానే చేసే పని ఒక్కటే. నా పొడుగు వైపు చేత్తో నిమిరి, "అబ్బ, ఎంత బావుందో!" అంటారు. రాతిని కూడా పెళ్ళిచూపులకు కూర్చోబెట్టగల జాతి అది.

కొండను మందు పెట్టి పేల్చి నన్ను బయటికి తీశారు. ఎన్ని యుగాలుగానో కదలకుండా ఉన్నదాన్ని ఒక్క మధ్యాహ్నంలో లారీ ఎక్కించి, అదేదో ఘనకార్యమైనట్టు కూర్చుని టీ తాగారు. మొదట నన్ను కొన్నది ఒక అతిథిగృహం వాళ్ళు. తోట అంచున మట్టి జారకుండా సిమెంటు లేకుండా రాళ్ళు పేర్చి గోడ కట్టించారు. వచ్చేపోయేవాళ్ళకు నా అందమంతా కనిపించాలని నన్ను గోడ పొడవునా పడుకోబెట్టారు. నా వెనక పట్టు ఏమీ లేదు. తొలి వానకే మట్టి నన్ను తోసింది. గులాబీ మొక్కల మీద పడ్డాను. తప్పు నాదేనన్నారు. "దీనికి కుదురు లేదు" అని అమ్మేశారు.

రెండోసారి నన్ను కొన్న పెద్దమనిషి పేరు వల్లభరావు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, కొండవాలులో ఇల్లు కట్టుకున్నాడు. పడమటికి జారిపోతున్న పెరటి మట్టిని ఆపడానికి ఆయనకు గోడ కావలసివచ్చింది. ఆ గోడ కిందనే, దానికి ఆనుకుని, పైడమ్మ రేకుల వంటపాక. పొద్దున్నే ఇడ్లీలు వండి బస్టాపు దగ్గర అమ్ముకునే మనిషి ఆమె. గోడ ముందుకు వస్తే ఆమె పొయ్యి మీదికే వస్తుంది. ఈ సంగతి ఎవరికీ పట్టలేదు, పైడమ్మకు కూడా.

గోడ ఎలా ఉండాలో వల్లభరావు స్వయంగా గీశాడు. గళ్ళ కాగితం మీద, స్కేలు పెట్టి, నిటారుగా. గోడను కొండ వైపు వాల్చి కడితే పెరట్లో కాస్త నేల పోతుందని ఆయన బెంగ. వాలు లేకపోతే నిలవదన్నాడు మేస్త్రి గౌరునాయుడు. ఇద్దరూ చాలాసేపు బేరమాడి సగం వాలుకు ఒప్పుకున్నారు. ఆ బేరానికి కొండను ఎవరూ పిలవలేదు.

నా వంతు వచ్చినప్పుడు గౌరునాయుడు నా ఒళ్ళంతా కొండలోకి పోయేలా పెట్టించి, జానెడు ముఖం మాత్రం బయటికి వదిలాడు. అలా లోపలికి పోయిన రాయే ముందున్న రాళ్ళనూ వెనకున్న రాళ్ళనూ కలిపి పట్టుకుంటుంది. అది చూసి వల్లభరావు గుండె పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఇంత రాయి కొంటే కనిపించేది ఇదేనా? తీసి పొడుగ్గా పెట్టు."

"మల్లీ తియ్యాలంటే నలుగురు మనుసులు గావాల బాబూ. ఆల్లెల్లిపోనారు. రేపొస్తారో రారో."

నన్ను సరిగ్గా పెట్టింది మేస్త్రి తెలివేనని పొంగిపోకండి. సాయంత్రమైంది, అతనికి ఇంటికి పోవాలని ఉంది. మనుషుల మంచిపనులు చాలావరకు ఇలాగే జరుగుతాయి.

గోడ వెనక కంకర నింపారు. వాన నీరు దాని గుండా దిగి, మా సందుల్లోంచి చెమటలా కారిపోయేది. రెండు వానాకాలాలు మాకూ కొండకూ పేచీ లేదు. అంతలో వల్లభరావు ఒక వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఆయన పెరటి నాలుగు మూలలూ తిరిగి, "పడమటికి నీరు పోతోంది. ఇంట్లో లక్ష్మి నిలవదు" అని తేల్చాడు. కొండే పడమటికి వాలి ఉంటే నీరు మరెటు పోవాలో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. అదే గౌరునాయుడు వచ్చి మా సందులన్నీ సిమెంటుతో పూడ్చేశాడు. ఈసారి "నిలవదు" అన్న మాట అతని నోట రాలేదు. ఆ వారం అతనికి మరో పని లేదు. సందుల్లోంచి ఇక జెర్రులు రావని పైడమ్మ కూడా సంతోషించింది.

తేడా కనిపెట్టింది వల్లభరావు భార్య సుభాషిణి. ఆమె గోడను చూడలేదు, బట్టలారేసే తాడును చూసింది. ఇంటి కొక్కేనికీ, గోడ అంచున పాతిన ఇనుప గుంజకూ మధ్య కట్టిన తాడు అది. నడుమ జారి ఆమె భుజం దాకా వేలాడేది. శ్రావణ మాసపు ముసురు పట్టాక చెయ్యెత్తితే గానీ అందడం లేదు.

"తాడు బిగిసిందండీ. గుంజ అటు జరిగింది. అంటే గోడ కదులుతోంది."

"నైలాన్ తాడు తడిస్తే బిగుసుకోదూ? ఆ మాత్రానికి గోడంటావేం!"

"నైలాను తడిస్తే సాగుతుంది. మీరు ఎప్పుడైనా ఒక్క తువ్వాలు ఆరేస్తే కదా తెలిసేది."

ఆయన పేపర్లో ఇంకో పేజీ తిప్పాడు.

నా వెనక అప్పటికి నీరు నిండి, మట్టి అంబలిలా అయింది. గోడ నడుము ముందుకు ఉబ్బింది. నేను కొండను పట్టుకునే ఉన్నాను. నా పక్క రాళ్ళు మాత్రం పట్టు వదలడం మొదలుపెట్టాయి. వాటిని అందంగా కనిపించేలా పొడుగ్గా పేర్చారు మరి.

సుభాషిణి గొడుగైనా లేకుండా మెట్లు దిగి పైడమ్మ పాకలోకి వచ్చింది.

"పైడమ్మా, పొయ్యి ఆర్పి బయటికి రా. గోడకు కడుపొచ్చింది, చూడు."

పైడమ్మ తల తిప్పలేదు. "మొన్న బాబుగోరు పాక జరపమన్నారు. నాను జరపనన్నాను. ఇయ్యాల గోడ కడుపుతో ఉందని మీరొచ్చినారు. పురుడు కూడా నా ఇంట్లోనే పోత్తారేటి అమ్మగోరూ?"

"నీ జాగా నాకెందుకే! ముందు బయటికి పద."

"నానెల్లను. ఇడ్లీల వాయి దిగాల."

సుభాషిణి మూలనున్న గునపం అందుకుని గోడ అడుగున సిమెంటు మీద పొడిచింది. ఉబ్బిన గోడ ఎదురుగా నిలబడి పొడవడం ఎంత తెలివితక్కువో చెప్పనక్కర్లేదు. గోడ జారితే ఇద్దరూ అక్కడే ఉండిపోయేవాళ్ళు. డిగ్రీ చదివిన మనిషి! అయినా పొడిచింది. మొదట పెచ్చు రాలింది. మళ్ళీ పొడిస్తే ఎర్రటి బురదనీరు చిమ్మి నేరుగా పొయ్యిలో పడింది.

"నా పొయ్యి! నా పిండి! ఓలమ్మో, సంపీసినారు నన్ను!"

పైనుంచి వల్లభరావు తొంగిచూశాడు. "సుభా! ఏం చేస్తున్నావే! పడమటికి తూట్లు పొడుస్తున్నావా!"

ఆమె ఇంకో సందు దగ్గరికి జరిగింది. ఆపైన మరోటి. నీరు పోయినకొద్దీ నా వీపు మీద బరువు తగ్గింది. గోడ ఒక్కసారి మూలిగి సర్దుకుంది. నా పక్క రాయి ఒకటి ఊడి పిండి గిన్నె పక్కన పడింది. అంతటితో ఆగింది.

గోడ పడలేదు. పడని గోడను చూసి మనుషులు నేర్చుకునేది ఏమీ ఉండదు. వల్లభరావు ఇంటికొచ్చిన వాళ్ళను కిందికి తీసుకొచ్చి నా ముఖం మీద తడతాడు. "నా డిజైనే. అంత ముసురుకీ నిలబడింది. మా ఆవిడే కంగారుపడి కన్నాలు పెట్టింది" అంటాడు.  సుభాషిణి మీద నాకు గౌరవమని చెప్పను, నాకలాంటి అలవాట్లు లేవు. కానీ పైడమ్మ గునపం ఆమె తిరిగివ్వలేదు. వంటింటి తలుపు వెనక పెట్టుకుంది. సందులు మళ్ళీ పూడ్పించే మాట వల్లభరావు ఇంతవరకూ ఎత్తలేదు.

పైడమ్మ పొయ్యి మళ్ళీ అక్కడే వేసింది, నా ఎదురుగానే. వాన పడితే మా నీళ్ళు ఆమె గచ్చు మీదికి కారతాయి. ఒక చిన్న కాలువ తీసుకుంటే పోతుంది, తీసుకోదు. ఆ నీళ్ళు చూసి మేడ మీది అమ్మగోరిని తిడుతుంది. పొయ్యి ఆర్పినందుకు, పిండి పాడుచేసినందుకు, గునపం ఎత్తుకుపోయినందుకు, ఆవిరి ముఖానికి కొడుతున్నా గొంతు తగ్గించకుండా, వాయి దిగేదాకా తిడుతుంది. అలా తిట్టడానికి తానెలా మిగిలిందో ఆమెకు ఎప్పటికీ తట్టదు. నాకు తెలుసు. నన్నెవరూ అడగరు.