గింజలకు ఒకటి ఉండదు

ఖిల్లా ఘణపూర్ మహిళా సంఘం గదిలో ఆ ఏడు చదువు చెప్పడానికి వచ్చిన లీనా టీచర్‌ది ఫిలిప్పీన్స్ దేశం. హైదరాబాద్‌లో ఆరు నెలలు తెలుగు నేర్చుకుని వచ్చింది. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

రుక్కమ్మకు నవ్వు రాలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి కావాలి. బియ్యం కొలిచి, ఎన్ని మానికలు పోసిందీ తన చేత్తో రాయగలిగిన వాళ్లకే ఆ పని. ఎవరికి వచ్చో టీచర్ చెప్పాలి. పని దొరికితే రుక్కమ్మ ఈసారి పుణెకు మట్టిపనికి పోనక్కర్లేదు. పోయినేడు అక్కడి డేరాలోనే ఆమె భర్త జ్వరంతో చనిపోయాడు.

పరీక్షనాడు టీచర్ ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. అయిదు మానికలు కొలిచి, ఆ అంకె పలక మీద రాయాలి. జొన్నల కుప్ప పక్కన రుక్కమ్మ కొంగు దోపుకుని కూర్చుని, కొలవడం మొదలుపెట్టింది.

"లాభం... రెండు... మూడు..."

"ఆగండి. మొదటిది ఏమన్నారు?"

"లాభం."

"ఒకటి అనాలి."

రుక్కమ్మ గింజలు మళ్లీ కుప్పలో పోసి కొలిచింది. మళ్లీ లాభమే. మూడోసారీ అంతే. గింజల ముందు ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు, ఆమె తల్లీ అనలేదు. టీచర్ నోట్‌బుక్‌లో ఇంటు పెట్టింది.

బయట, అప్పటికే పరీక్ష అయిపోయిన మణెమ్మ అడిగింది. "ఏమైందక్కా?"

"ఇంటు పెట్టింది. నువ్వేమన్నవ్?"

"ఒకటనే అన్న."

"గింజల ముంగట నోరెట్లొచ్చెనే?"

"నోటితోనే అన్న. మనసుల లాభమే అనుకున్న."

మూడో రోజు రుక్కమ్మ పుణె పోవడానికి మూట కడుతుంటే టీచర్ గడపలోకి వచ్చింది. "దుకాణంలో యాదయ్య గారు నాకు బియ్యం కొలుస్తూ లాభం అన్నారు. ఎందుకని అడిగాను. ఒకటంటే ఆ ఒక్కదాంతోనే ఆగిపోతుందట. నాకు తెలియదు. తప్పు నాదే."

"తెలిస్తే గట్ల చేస్తవా, టీచరమ్మా. మాకు గూడ చెప్పాలని తెల్వలే. లోకమంతా గిట్లనే కొలుస్తరనుకున్నం."

"మరి రాళ్లయితే?"

"రాళ్లకు ఒకటే. రాళ్లేమన్న తింటమా?"

టీచర్ తల వంచుకుంది. "మణెమ్మ పేరు బడికి పంపేశాను. ఇప్పుడే వెళ్లి మార్పిస్తాను."

మణెమ్మకూ పని రాకుంటే పుణే దిక్కు. రుక్కమ్మ మూట ముడి విప్పింది.

"ఉత్తగ మార్చకు. ఇద్దర్ని కూసోబెట్టి మల్ల కొలిపియ్యి, రాపియ్యి."

సాయంత్రం టీచర్ కుర్చీ పక్కకు జరిపి, వాళ్లతోపాటు నేల మీద కూర్చుంది. "మీరు ఇంట్లో ఎట్లా కొలుస్తారో అట్లాగే కొలవండి," అంది. ఇద్దరూ పదిహేడు మానికలు కొలిచారు. పలక మీద మణెమ్మ ఏడు ముందు వేసి, ఒకటి వెనక వేసింది. రుక్కమ్మ సరిగ్గా రాసింది.

మణెమ్మ రెండు పలకలూ చూసింది. తనది తుడిచేసింది. టీచర్ ఏదో చెప్పబోతే చేత్తో వద్దంది.

"అక్కా," అంది రుక్కమ్మ వైపు తిరిగి, "పుణెల బావను ఏడ పూడ్సిన్రో గుర్తులు చెప్పు. పోయినంక చూసొస్త."

రుక్కమ్మ పలక ఒళ్లో పెట్టుకుని, రైలు దిగిన కాడి నుంచి దోవ చెప్పడం మొదలుపెట్టింది.