నీలం జేబులో మాత్రలు

జీన్సు యూనిట్లో దారాలు కత్తిరించే చిన్న కత్తెర మొనతో దురుగమ్మ అట్టలోంచి చివరి మాత్ర కూడా పొడిచి తీసింది. ఖాళీ అట్టను సంచిలో వేసుకుంది, ఆస్పత్రిలో చూపించాలి. మాత్రను మాత్రం నోట్లో వేసుకోలేదు. కొడుకు ఈరేశ్ పాత జీన్సు ప్యాంటు నుంచి కోసిన జేబులో జారవిడిచి, బొత్తాం పెట్టి, బియ్యం డబ్బా అడుక్కి దోపింది.

మొగుడు తాయప్ప పోయినప్పటి నుంచి ఆమెకు ఒకటే గుబులు. పొద్దున ముద్ద తింటూ తింటూ మూతి వంకరపోయిన మనిషి సాయంత్రానికి లేడు. బీపీ అన్నారు. బిడ్డలకూ రావచ్చన్నారు. కుడతిని ఊళ్లో కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే ఈరేశ్ ఫోనెత్తకపోతే చాలు, వాడి మూతి కూడా వంకరపోయినట్టే కళ్లకు కట్టేది. చూపించుకోరా అంటే నవ్వేవాడు.

ఆమెకూ బీపీ ఉందని తేలాక, బీపీ మీద పరిశోధన చేసే డాక్టర్లు మాత్రలు ఊరికే ఇస్తున్నారు. పరిశోధన అయిపోయాక వాడికొస్తే ఎవరిస్తారు?

పరిశోధన గదిలో నర్సు హన్నా ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. నమ్మకం కుదరక మళ్లీ కొట్టింది.

"మాత్రలు ఏసుకుంటాండావా అక్కా?"

"ఏసుకోకుండా ఉంటానా. ఇగో అట్టలు."

"మరి బీపీ ఇంతెందుకుండాది? కిడ్నీ దెబ్బ తింటాంది. కండ్లు మసకైతాండాయా?"

"పొద్దుగూకులూ జీన్సు నీలం చూస్తే ఎవరికి కావు మేడమ్?"

హన్నా నవ్వలేదు. లోపల డాక్టరుతో మాట్లాడి వచ్చింది. "ఈ మందు నీకు పట్టల్యా. ఇంగ రోజుకు రెండేసుకో."

దురుగమ్మ ముఖం విప్పారింది. రెండంటే, వాడికి రెండింతలు.

జీన్సు యూనిట్లో ప్యాంట్ల గుట్ట పక్కన కూర్చునేసరికి మెడ వెనక నరం లాగింది. ఈరేశ్‌కు ఫోన్ చేసింది. వెంటనే ఎత్తాడు.

"బతికే ఉండానమ్మా. పని చేసుకోనీ."

అదే చాలనుకుంది. గుట్టకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఏం గౌడసానీ, ఇది నీ పరుపనుకున్యావా?" పక్కన దారాలు కత్తిరిస్తున్న నేత్రావతి ఎకసెక్కమాడింది. భుజం తడితే మనిషి పక్కకు ఒరిగిపోయింది. కత్తెర ఇంకా దురుగమ్మ వేలికే వేలాడుతోంది.

ఈ మందు ఈమె మీద పనిచేయలేదని పరిశోధనలో రాసుకున్నారు.

దినాలై చుట్టాలంతా వెళ్లిపోయాక ఈరేశ్ ఎసరు పెట్టి, బియ్యానికని డబ్బాలో చెయ్యి పెట్టాడు. తన పాత ప్యాంటు జేబు చేతికొచ్చింది. బొత్తాం మాత్రం అమ్మ కొత్తది కుట్టింది. నిండిన మాత్రల బరువుకు ఊడకుండా, రెండు పేటల దారంతో.